పట్టా పుచ్చుకున్న తరువాతి ఏడాది

"ఎక్కడైనా ఏమైనా ఉంటే చూడండి సార్." మన టౌన్‌షిప్‌లో ఈ మాట వినని అధికారి ఉండరు. కుమారుడో కుమార్తెయో ఇంజనీరింగ్ ముగించిన సహోద్యోగి క్యాంటీన్‌లో పక్కన కూర్చుని, టీ గ్లాసు బల్ల మీద పెట్టి, మొదట అనేది ఇదే. ఆ తండ్రికి తన యూనిట్‌లో ఏ పంపు ఏ శబ్దం చేస్తే బేరింగు పోతున్నదో చీకటిలో సైతం తెలుస్తుంది. అయితే అమ్మాయిది ఏ బ్రాంచి, మార్కులు ఎంత శాతం, గేట్ వ్రాసినదా, అప్రెంటిస్‌షిప్‌కు పేరు నమోదు చేసుకున్నదా అని మేము ఎదురు ప్రశ్న వేస్తే, "అవన్నీ దానికే తెలియాలండి" అంటాడు. ఆ అమ్మాయిని పిలిచి అడిగితే, "కాలేజీలో మాకేమీ చెప్పలేదు అంకుల్" అంటుంది. ఇరువురూ నిజమే చెబుతున్నారు. ఈ రెండు నిజాల నడుమ ఒక విలువైన సంవత్సరం, కొన్ని ఇళ్ళలో రెండు మూడు సంవత్సరాలు, హరించుకుపోతున్నవి.

సహాయం చేసే వ్యవస్థలు దేశంలో లేక ఈ స్థితి వచ్చినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే వేళ, సైన్యం నుండి విడుదలైన వారికి జీవనోపాధి చూపేందుకు 1945లో ఉపాధి కల్పనా కార్యాలయాల వ్యవస్థ మొదలైనది. తరువాత అది పౌరులందరికీ తెరువబడినది. ఖాళీలను ఆ కార్యాలయాలకు విధిగా తెలియజేయాలన్న చట్టం 1959లో వచ్చినది. విశ్వవిద్యాలయాలలో విద్యార్థుల కొరకు ప్రత్యేకంగా ఉపాధి సమాచార, మార్గదర్శక కేంద్రాలు వెలసినవి. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు రెండింటా అట్టివి ఏర్పడినవి. 1976లో కేంద్ర ప్రభుత్వం 'ఎంప్లాయ్‌మెంట్ న్యూస్' వారపత్రికను ప్రారంభించినది. అది ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ భాషలలో వెలువడినది. తెలుగులో రాలేదన్నది గమనించవలసిన సంగతి. 2015 జూలైలో నేషనల్ కెరీర్ సర్వీస్ పేరిట ఇదంతా కంప్యూటర్ తెర మీదికి వచ్చినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్‌లో ఎక్స్ఛేంజి అన్న పాత పేరుకు మారుగా 'కెరీర్ సెంటర్' అన్న మాటను వాడినారు.

మా తరం వారికి ఎక్స్ఛేంజి కార్డు అంటే ఒక ఆస్తి. మూడేళ్ళకొకసారి దానిని రెన్యూవల్ చేయించడం మరచితే సీనియారిటీ పోతుందని ఇంటిల్లిపాదీ భయపడేవారు. నిజానికి 1959 చట్టం ఖాళీలను తెలియజేయమన్నదే గాని, ఆ కార్యాలయం ద్వారానే నియమించమని ఎన్నడూ అనలేదు. ఈ తేడా చాలామందికి తెలియదు. కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల వ్యవహారంలో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ చెప్పుకోదగినది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లకే పరిమితం కారాదు, పత్రికలలోనూ ప్రకటించి, వచ్చిన అర్హులందరినీ పరిశీలించాలి అన్నది దాని సారాంశం. ఆ తరువాత ఇంటికి కార్డు వస్తుందని ఎదురుచూసే రోజులు క్రమంగా పోయినవి. వెతుక్కొనే బాధ్యత అభ్యర్థి మీద పడినది. వెతకడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు.

వెతకడం అంటే ప్రకటనను చదవడమే. ఇది తేలిక పని అనుకొనేవారు ఏదైనా ఒక ప్రభుత్వరంగ సంస్థ నియామక ప్రకటనను ముందు పెట్టుకుని ఆద్యంతం చదివి చూడవచ్చు. మేము ధ్రువపత్రాల పరిశీలనకు కూర్చున్నప్పుడు చూచినదేమనగా, పరీక్షలో తప్పిన వారి కంటె, పరీక్ష గెలిచి కాగితం దగ్గర తప్పిన వారిని వెనుకకు పంపడమే ఎక్కువ బాధ కలిగిస్తుంది. మన ప్రాంతపు పిల్లల విషయంలో ఈ చిక్కులు కొన్ని ప్రత్యేకంగా ఉంటాయి. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. డిగ్రీ పట్టాలో చివరకు చేరుతుంది. ఊరిలో ముగ్గురూ ఒకరేనని అందరికీ తెలుసు. పరిశీలనాధికారికి మాత్రం వారు ముగ్గురు వ్యక్తులు.

కుల ధ్రువపత్రం సంగతి ఇంకా సున్నితమైనది. రాష్ట్రంలో ఎ, బి, సి, డి, ఇ వర్గాలుగా ఇచ్చే బి.సి. పత్రం కేంద్ర సంస్థలలో చెల్లదు. కేంద్ర జాబితా వేరు, నమూనా వేరు. కొన్ని కులాలు రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో ఉండవు. క్రీమీ లేయర్ కాదని తెలిపే వాక్యం అందులో ఉండి తీరాలి. మన వంటి సంస్థల ఉద్యోగుల పిల్లలకు ఇందులో మరొక మెలిక ఉన్నది: తల్లిదండ్రుల హోదాను కూడా చూస్తారు. ప్రభుత్వరంగ పదవులు ప్రభుత్వంలోని ఏ పదవులకు సమానమన్నది కేంద్రం 2017 అక్టోబరులో నిర్ణయించినది. గావున ఎగ్జిక్యూటివ్ శ్రేణిలో ఉన్నవారు దరఖాస్తుకు ముందే పర్సనల్ విభాగంలో విచారించడం మంచిది. ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 2019లో వచ్చిన 10 శాతం కోటా పత్రానికైతే ఏ ఆర్థిక సంవత్సరానికి ఇచ్చినదన్నదే ప్రాణం. చివరి తేదీకి రెండు రోజుల ముందు మీసేవ కేంద్రానికి పరుగెత్తిన వారికి ఇవేవీ చేతికి రావు.

మార్కుల లెక్క కూడా చిన్నది కాదు. గ్రేడు పాయింట్లను శాతంగా మార్చే సూత్రం విశ్వవిద్యాలయానికొకటి. ఆ సూత్రం తెలిపే పత్రాన్ని చివరి సెమిస్టరులోనే పుచ్చుకుని ఉంచుకోవాలి. బ్రాంచి పేరు ప్రకటనలో ఎలా ఉన్నదో అలాగే ఉండాలి. "ఇంచుమించు అదేనండి" అన్న వాదన ఏ బోర్డు ముందూ నిలువదు.

గేట్ విషయం వేరుగా చెప్పాలి. ఉన్నత విద్యా ప్రవేశాల కొరకు 1980 దశకంలో ప్రారంభమైన ఈ పరీక్షను గత దశాబ్దంలో ఇండియన్ ఆయిల్, ఎన్.టి.పి.సి., పవర్‌గ్రిడ్ వంటి సంస్థలు ఇంజనీర్ల ఎంపికకు కూడా వినియోగించినవి. స్కోరు మూడేళ్ళు చెల్లుతుందన్నది నిజమే. కాని అది ప్రవేశాల మాట. ఉద్యోగానికి ఏ సంవత్సరపు స్కోరు కావాలో ఆయా సంస్థ తన ప్రకటనలో చెబుతుంది. చాలా పర్యాయాలు అది ఆ ఏటి స్కోరే. పరీక్ష ఫిబ్రవరిలో, దరఖాస్తు అంతకు ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరులలో. మూడవ సంవత్సరం విద్యార్థి కూడా వ్రాయవచ్చు. ఈ ఒక్క సంగతి ముందుగా తెలిస్తే ఒక అవకాశం అదనంగా దక్కుతుంది. పట్టా అందుకున్న జూన్‌లో మేలుకొన్నవాడికి మరుసటి ఫిబ్రవరి వరకు చేయగలిగినది చదువు ఒక్కటే.

ఈ నిరీక్షణ కాలంలోనే అప్రెంటిస్‌షిప్ అక్కరకు వస్తుంది. మా దృష్టిలో విద్యార్థికి దేశం కల్పించిన సహాయాలన్నింటిలో ఇదే మిన్న. తక్కువగా అర్థం చేసుకోబడినది కూడా ఇదే. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం మొదట వృత్తి పనివారి కొరకు వచ్చినది. 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులకు, డిప్లొమా వారికి వర్తించినది. 2014 సవరణతో బి.ఎస్‌సి., బి.కాం. వంటి పట్టాలవారికి కూడా ద్వారం తెరుచుకున్నది. 2019 నియమాల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ తన సిబ్బందిలో రెండున్నర శాతానికి తగ్గకుండా, 15 శాతానికి మించకుండా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అప్పుడు పట్టభద్రులకు నిర్ణయించిన కనీస భృతి నెలకు 9,000 రూపాయలు. పట్టభద్రుల విషయంలో అందులో సగం కేంద్రం భరిస్తుంది. దక్షిణాది రాష్ట్రాల వరకు ఈ వ్యవహారాన్ని చెన్నైలోని ప్రాంతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది.

తల్లిదండ్రులు ఇక్కడ అడిగే ప్రశ్న ఒకటే: "ఏడాది తరువాత పర్మనెంట్ చేస్తారా?" చేయరు. చట్టం ఆ హామీ ఇవ్వలేదు. అయితే ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో 1995లో సుప్రీంకోర్టు, ఇతర అర్హతలు సమానమైనప్పుడు శిక్షణ పొందినవారికి ప్రాధాన్యం ఇవ్వాలన్నది. అట్టివారి నియామకానికి తనవంతు విధానం ఏర్పరచుకోవాలని 2014 సవరణ ప్రతి యజమానికీ చెప్పినది. ఇవి చిన్న మెట్లు. పైకప్పు కాదు. కాబట్టి ఆ ఏడాది విలువ అంతా అభ్యర్థి ఏమి నేర్చుకున్నాడన్న దాని మీదనే ఆధారపడి ఉన్నది.

ఇంటర్వ్యూ బోర్డులలో మేము తరచుగా వేసే ప్రశ్న ఒకటి ఉన్నది. సెంట్రిఫ్యూగల్ పంపును డిశ్చార్జి వాల్వు మూసి ఎందుకు స్టార్టు చేస్తారు? పుస్తకం చదివినవాడు "ప్రవాహం లేనప్పుడు పవర్ తక్కువ గనుక" అంటాడు. సరైన సమాధానమే. "మరి యాక్సియల్ ఫ్లో పంపును?" అంటే అక్కడ ఆగిపోతాడు. పంపు హౌసులో నాలుగు నెలలు నిలబడినవాడు, దానికి వాల్వు మూసి ఉన్నప్పుడే లోడు అత్యధికమని, తెరిచి స్టార్టు చేయాలని చెప్పి, మూసిన వాల్వు మీద మామూలు పంపునైనా ఎక్కువసేపు నడిపితే లోపలి నీరు వేడెక్కుతుందని కూడా తానే కలుపుతాడు. అడగకుండా వచ్చిన ఆ చివరి మాటకే మార్కులు. అది ఏ కోచింగ్ కేంద్రంలోనూ దొరకదు.

దొరికే చోటు మన వద్ద ఉన్నది. అయినా కొన్ని విభాగాలలో అప్రెంటిస్ అంటే జెరాక్సు తీయడానికి, హాజరు పట్టీ కంప్యూటరులో ఎక్కించడానికి వచ్చిన మనిషి. ఈ పద్ధతి మాకు సమ్మతం కాదు. ఒక షిఫ్టు లాగ్‌బుక్ వ్రాయనీయండి. పని మొదలుకు ముందు పర్మిట్ ఎవరు ఇస్తారు, ఫ్యూజు తీసి తాళం వేసి ట్యాగు ఎందుకు తగిలిస్తారు, ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉండాలి, ఇవి చూపండి. పైపులైను నక్షా చేతికిచ్చి, ఆ పైపు వెంబడి నడిచి రమ్మనండి. వారానికి ఒక పేజీ తాను చూచినది తన మాటలలో వ్రాయమనండి. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన పిల్లలకు ఈ ఒక్క పేజీ చేసే మేలు అంతా ఇంతా కాదు. చేసిన పనిని చెప్పడానికి భాష దానంతట అదే వస్తుంది. చేయని పనిని చెప్పబోతేనే నాలుక తడబడుతుంది.

మరొక హెచ్చరిక. పెద్ద సంస్థల చిహ్నాలు ముద్రించిన దొంగ నియామక పత్రాలు తిరుగుతున్నవి. శిక్షణకు డిపాజిట్ అనో, వైద్య పరీక్ష రుసుము అనో సొమ్ము అడుగుతారు. ప్రకటనలో పేర్కొన్న దరఖాస్తు రుసుము తప్ప ఉద్యోగం ఇస్తామని ప్రభుత్వరంగ సంస్థ డబ్బు అడగదు. వెబ్‌సైటు చిరునామా చూచి గుర్తుపట్టవచ్చునని కొందరంటారు. అది పూర్తిగా నమ్మదగినది కాదు, ఏలననగా మన సంస్థలన్నింటికీ ప్రభుత్వ చిరునామాలు లేవు, కొన్నింటివి వ్యాపార సంస్థల చిరునామాల వలెనే ఉంటాయి. ప్రకటన సంఖ్య అడగండి. ఆ సంఖ్యతో సంస్థ అసలు వెబ్‌సైటులో ప్రకటన ఉన్నదేమో చూడండి. పరీక్షా ఇంటర్వ్యూ లేకుండా పత్రం వచ్చినదంటే ఆ పత్రాన్ని ఇంకొకసారి చదవవలసిన పని లేదు.

కాలేజీలలో ప్లేస్‌మెంటు అధికారి అన్న పేరు ఉన్నది గాని, చాలాచోట్ల ఆయన తన పాఠాలు తాను చెప్పుకుంటూ అదనంగా ఈ పని చూచే అధ్యాపకుడు. ఒక్క మనిషి అన్ని వందల మంది ధ్రువపత్రాలు చూడలేడు. మన టౌన్‌షిప్‌లో ఈ పని చేయగలవారు ఎందరో ఉన్నారు. నెలకొక ఆదివారం ఉదయం రెండు గంటలు, శిక్షణ కేంద్రంలోని ఒక గది, ఆ వారం వెలువడిన ప్రకటనలు, పిల్లల కాగితాల ఫైళ్ళు: ఇంతకు మించి కావలసినది లేదు. ఉద్యోగుల పిల్లలనే గాక చుట్టుపక్కల గ్రామాల పిల్లలను కూడా రానీయాలి. కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు ఇది మరింత అవసరం. ధ్రువపత్రాల నమూనాలు తెలిసిన పర్సనల్ విభాగం మిత్రులు ఇద్దరు, నమూనా ఇంటర్వ్యూలకు మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ శాఖల నుండి ఒక్కొక్కరు ముందుకు వస్తే మొదలు పెట్టవచ్చును. వచ్చేవారు తమ పేరు, వారాంతపు సెలవు ఏ రోజో శిక్షణ కేంద్రంలో తెలియజేయగోరుతున్నాము. షిఫ్టు డ్యూటీలలో ఉన్నవారు ఆదివారం కుదరదని వెనుకాడనక్కరలేదు. సాయంత్రపు వేళ మరొక జట్టును కూడా ఏర్పాటు చేయవచ్చు.