హార్డ్ డిస్క్ జోలికి పోని లినక్స్: లైవ్ సీడీ జీవితకథ

1990ల చివర్లో ఇంట్లో కంప్యూటర్ ఉన్న కుర్రవాడికి లినక్స్ మీద మోజు పుడితే మొట్టమొదట ఎదురయ్యే గండం పార్టిషన్. విండోస్‌తో నిండిన హార్డ్ డిస్క్‌లో కొంత చోటు ఖాళీ చేయాలి. ఆ చోటును ముక్కలు చేసి, ఏ ముక్క దేనికో చెప్పాలి. ఒక్క అంకె తప్పు పడితే నాన్నగారి ఆఫీసు ఫైళ్లు, అక్క ప్రాజెక్టు రిపోర్టు అన్నీ గల్లంతే. ఇంత సాహసమూ చేసి లోపలికి వెళ్తే సౌండ్ కార్డు పలకదు, మోడెమ్ ఉలకదు. సరే, ఇది కుదరలేదు, ఇంకోటి చూద్దామంటే మళ్లీ ఫార్మాట్ కొట్టాలి. సంతలో బెండకాయ కొన తుంచి చూసుకునే వీలైనా ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి అదీ లేదు.

చూడాల్సినవి తక్కువైతే ఇబ్బంది ఉండేది కాదు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకిలో విద్యార్థిగా రాసి విడుదల చేసింది ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ మాత్రమే. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లను దానికి జోడించి, ఇన్‌స్టాల్ చేసుకునే పద్ధతి ఒకటి తగిలించి, పేరు పెట్టి ఎవరైనా ఒక ‘డిస్ట్రో’గా పంచవచ్చు. లైసెన్సు అడ్డు చెప్పదు సరికదా, అలా పంచుకోమనే చెబుతుంది. 1993 జులైలో స్లాక్‌వేర్ వచ్చింది. మరుసటి నెలలో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించాడు. ఆ తర్వాత రెడ్ హ్యాట్, సూసే, మాండ్రేక్. వీటి మీద మళ్లీ డెస్క్‌టాప్‌ల గొడవ వేరు. 1996లో కేడీఈ మొదలైంది. అది ఆధారపడిన క్యూటీ లైబ్రరీ లైసెన్సు అప్పట్లో పూర్తి స్వేచ్ఛ ఇవ్వదని అభ్యంతరం రావడంతో 1997లో గ్నోమ్ పుట్టింది. డజను డిస్ట్రోలు, ఒక్కొక్క దాని మీద రెండు మూడు డెస్క్‌టాప్‌లు. ఎంచుకోవడానికి బోలెడు ఉన్నాయి, ఎంచి చూడటానికే దారి లేదు.

ఆ దారి వేసింది ఒక సీడీ.

సీడీ నుంచే లినక్స్ నడపాలన్న ఈ ‘లైవ్ సీడీ’ ఆలోచన నిజానికి చాలా పాతది. కాలిఫోర్నియాలో ఆడమ్ రిక్టర్ కంపెనీ ‘యగ్‌డ్రాసిల్’ 1992 డిసెంబరులోనే అలాంటి సీడీని తయారుచేసింది. నార్వే, స్వీడన్ల పురాణాల్లో లోకాలన్నిటినీ మోసే మహావృక్షం పేరది. పేరంత ఘనంగా పని జరగలేదు. అప్పటి సీడీ డ్రైవ్ మొదటి వేగం సెకనుకు 150 కిలోబైట్లు. పైగా ఆన్ చేయగానే మొదట నడిచే బయోస్‌కి ఆనాడు సీడీ నుంచి కంప్యూటర్‌ను లేపడం తెలియదు. ముందు ఫ్లాపీతో లేపి, తర్వాత సీడీని వెతుక్కోమనాలి.

ఈ ఫ్లాపీ బాధ 1995లో తీరింది. ఫీనిక్స్, ఐబీఎం కలిసి సీడీతో బూట్ అయ్యే పద్ధతికి ఒక ప్రమాణం రాశాయి. దాని పేరు ‘ఎల్ టొరీటో’. అది కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఒక మెక్సికన్ రెస్టారెంటు పేరు. ఆలోచన అక్కడ రూపుదిద్దుకుందట, ఆ పేరే ఉంచేశారు. ఈ రోజుకీ బూట్ అయ్యే ఐఎస్ఓ ఫైలు (సీడీ మొత్తానికి ఒకే ఫైలుగా తీసిన నకలు) లోపలికి తొంగిచూస్తే ఆ హోటలు పేరు కనిపిస్తుంది.

ఇక అసలు మనిషి క్లౌస్ క్నాపర్. జర్మనీకి చెందిన ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఎక్కడికెళ్లినా తన పనిముట్లన్నీ ఒక సీడీలో ఉంటే, ఎదురుగా ఏ కంప్యూటర్ ఉన్నా దాన్నే తన కంప్యూటర్‌లా వాడుకోవచ్చన్నది అతని కోరిక. 2000 సెప్టెంబరు 30న తొలి కూర్పు వచ్చింది. పేరు నాపిక్స్. సీడీ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, ఒక్క ప్రశ్నా వేయకుండా రెండు మూడు నిమిషాల్లో కేడీఈ డెస్క్‌టాప్ తెర మీదికి వచ్చేది. మానిటర్ రిఫ్రెష్ రేటు కూడా చేత్తో రాసి ఇవ్వాల్సిన కాలమది. ఆ రోజుల్లో ఇది గారడీలాగే కనిపించి ఉంటుంది.

ఆ గారడీలో మూడు కిటుకులు ఉన్నాయి. మొదటిది, అందరూ వదిలేసే చిన్నది, హార్డ్‌వేర్ పసిగట్టడం. నాపిక్స్ ఆధారం డెబియన్. కానీ హార్డ్‌వేర్‌ను గుర్తుపట్టే లైబ్రరీని క్నాపర్ రెడ్ హ్యాట్ నుంచి తెచ్చుకున్నాడు. పోటీదారు రాసిన కోడ్‌ను తెచ్చి తనదాంట్లో కలుపుకోవడం మరెక్కడైనా కేసులకు దారితీసేది. ఇక్కడ అది మామూలు వ్యవహారం.

రెండోది చోటు. సీడీలో పట్టేది 700 మెగాబైట్లు. ఆఫీస్ ప్యాకేజీ, బ్రౌజర్, బొమ్మలు దిద్దే గింప్, ఆటలు అన్నీ కలిపితే రెండు గిగాబైట్లు. రస్టీ రసెల్ అనే ప్రోగ్రామర్ అంతకుముందు ‘సీలూప్’ అనే చిన్న కోడ్ రాశాడు. విజిటింగ్ కార్డు ఆకారంలో కత్తిరించిన బుల్లి సీడీలో లినక్స్ కుక్కడం కోసం రాసింది. మొత్తం ఫైల్ సిస్టమ్‌ను చిన్న చిన్న దిమ్మెలుగా కుదించి పెడుతుంది. ఏ దిమ్మె కావాలో దాన్నే చదివి, మెమరీలో విప్పి ఇస్తుంది. క్నాపర్ దాన్ని తీసుకుని మెరుగుపరిచాడు. వేగం తగ్గుతుందేమో అనిపిస్తుంది గానీ, జరిగింది అందుకు పూర్తిగా భిన్నం. సీడీ డ్రైవ్ చదివే వేగం కంటే ప్రాసెసర్ విప్పే వేగం ఎంతో ఎక్కువ. తక్కువ బైట్లు చదివితే సరిపోతుంది కాబట్టి కుదించిన సీడీయే త్వరగా నడిచేది. తర్వాతి కాలంలో ఈ పని ఫిలిప్ లాఫర్ రాసిన స్క్వాష్‌ఎఫ్ఎస్ చేతికి వెళ్లింది.

మూడోది అన్నిటికన్నా చిక్కుముడి. సీడీ మీద రాయలేం. ఆపరేటింగ్ సిస్టమ్ ఏమో రాయకుండా ఒక్క నిమిషం బతకలేదు. లాగ్‌లు, తాత్కాలిక ఫైళ్లు, మారే సెట్టింగులు దానికి ఊపిరి. మొదట్లో క్నాపర్ మెమరీలో కొంత భాగాన్ని డిస్క్‌లా చూపించి, రాయాల్సినవాటిని అటు మళ్లించాడు. పని జరిగింది, కానీ కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోవడం కుదిరేది కాదు. అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో ఎరెజ్ జడోక్ బృందం తయారుచేసిన యూనియన్‌ఎఫ్ఎస్ ఆ ముడి విప్పింది. కింద చదవడానికి మాత్రమే పనికొచ్చే సీడీ పొర, పైన మెమరీలో రాయదగిన ఖాళీ పొర. వాడేవాడికి రెండూ కలిసి ఒకే డిస్క్‌లా కనిపిస్తాయి. కింది పొరలోని ఫైలును మార్చబోతే ముందు దాని నకలు పైకి వస్తుంది, మార్పు ఆ నకలు మీదే పడుతుంది. ఫైలును తీసేస్తే అది నిజంగా పోదు. ‘ఇది లేదు’ అన్న గుర్తు పై పొరలో పడుతుంది, అంతే. 2005లో నాపిక్స్ 3.8 దీన్ని వాడుకుంది. సీడీ నుంచి నడుస్తూనే కొత్త ప్రోగ్రాములు వేసుకోవడం అప్పటి నుంచీ మొదలు. ఇదే కిటుకుకు వారసుడైన ఓవర్‌లేఎఫ్ఎస్ 2014లో లినక్స్ కెర్నెల్‌లోనే చేరింది. ఇవాళ సర్వర్లలో డాకర్ కంటైనర్లు నడుస్తున్నది ఎక్కువగా దాని మీదే.

కంప్యూటర్ ఆపేస్తే పై పొర మాయం. హార్డ్ డిస్క్‌లోని విండోస్‌కి రాత్రి ఎవరో వచ్చి వెళ్లారన్న సంగతి కూడా తెలియదు.

ఈ సౌలభ్యాన్ని మొదట పట్టుకున్నది కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు. విండోస్ లేవనంటుంది, కస్టమర్‌కేమో ఫొటోలు కావాలి. నాపిక్స్ సీడీ పెట్టి, డిస్క్ తెరిచి, ఫైళ్లు మరో డిస్క్‌లోకి లాగి ఇచ్చేవారు. క్నాపర్ కథలో ఇంకో మలుపు కూడా ఉంది. అతని భార్య ఆడ్రియానెకు చూపు సమస్య ఉంది. 2008 నుంచి నాపిక్స్‌లో ‘ఆడ్రియానె’ అనే డెస్క్‌టాప్ చేరింది. తెర చూడనక్కర్లేకుండా, చెవులతో విని, కీబోర్డుతో నడిపే డెస్క్‌టాప్ అది.

నాపిక్స్ దారి చూపాక పిల్లలు చాలామంది పుట్టారు. 2003లోనే ఆస్ట్రేలియా నుంచి బ్యారీ కౌలర్ పప్పీ లినక్స్ తెచ్చాడు. అది మొత్తం మెమరీలోకి ఎక్కేసి పాత కంప్యూటర్లను పరుగెత్తించేది. డామ్ స్మాల్ లినక్స్ అయితే 50 మెగాబైట్లు దాటకూడదని పంతం పట్టింది, విజిటింగ్ కార్డు సీడీలో పట్టాలి కదా!

అయితే లైవ్ సీడీని ఇంటింటికీ చేర్చింది ఉబుంటు. సొంత కంపెనీ అమ్మిన డబ్బుతో 2002లో అంతరిక్షానికి వెళ్లొచ్చిన దక్షిణాఫ్రికా వ్యాపారి మార్క్ షటిల్‌వర్త్ 2004 అక్టోబరులో దాన్ని విడుదల చేయించాడు. తొలి కూర్పుల్లో రెండు సీడీలు ఉండేవి: చూడటానికి ఒకటి, ఇన్‌స్టాల్ చేయడానికి మరొకటి. 2006 జూన్‌లో వచ్చిన 6.06 కూర్పుతో రెండూ ఒకటయ్యాయి. డెస్క్‌టాప్ మీద తిరిగి చూసి, నచ్చితే అక్కడే ఉన్న ‘ఇన్‌స్టాల్’ బొమ్మను నొక్కడమే. ఈ చిన్న మార్పే లైవ్ సీడీ జీవితంలో పెద్ద మలుపని నా లెక్క. అప్పటిదాకా అది మెకానిక్ సంచిలోని పనిముట్టు. ఆ తర్వాత కొనబోయే ముందు వేసుకుని చూసే చొక్కా అయింది అనబోతున్నాను గానీ, బెండకాయ దగ్గరే ఆగుదాం.

అప్పట్లో మన ఊళ్లలో 700 మెగాబైట్లు డౌన్‌లోడ్ అంటే ఇంటర్నెట్ సెంటర్‌లో రాత్రంతా కూర్చున్నా తేలని పని. ఉబుంటు ‘షిప్‌ఇట్’ పథకం కింద అడిగినవారికల్లా సీడీలు పోస్టులో ఉచితంగా పంపేది. 2011 ఏప్రిల్‌లో ఆపేశారు. ఇక్కడ పీసీక్వెస్ట్, లినక్స్ ఫర్ యూ పత్రికలు సంచికతో పాటు సీడీలిచ్చేవి. ఒక్క సీడీ హాస్టల్లో గది గదికీ తిరిగేది.

2011లో ఈ సీడీల అవసరం ఒక్కసారిగా పెరిగింది. గ్నోమ్ 3 వచ్చి పాత మెనూలను, టాస్క్‌బార్‌ను తీసేసింది. ఉబుంటు తన సొంత యూనిటీ డెస్క్‌టాప్‌ను ముందుకు తెచ్చింది. అలవాటైన డెస్క్‌టాప్ రాత్రికి రాత్రి మారిపోవడంతో జనం వలస మొదలెట్టారు. అర్జెంటీనా వాడకందారు ఒకతను పాత గ్నోమ్‌ను ‘మాటె’ పేరుతో బతికించాడు. లినక్స్ మింట్ ‘సిన్నమన్’ తయారుచేసింది. టోర్వాల్డ్స్ అంతటివాడు గ్నోమ్ 3ను దుమ్మెత్తిపోసి ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారి, తర్వాత మళ్లీ గ్నోమ్‌కే వచ్చాడు. కెర్నెల్ రాసినవాడే అటూ ఇటూ తిరిగినప్పుడు, మామూలు మనిషి నాలుగు డిస్ట్రోలు మార్చాడని నవ్వడం అన్యాయం.

సీడీకి మాత్రం రోజులు దగ్గరపడ్డాయి. 2012 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 12.10 సుమారు 800 మెగాబైట్లతో సీడీ హద్దు దాటింది. లైవ్ సీడీ పెన్‌డ్రైవ్‌లోకి మారింది. అక్కడ రాయడం కూడా కుదురుతుంది కాబట్టి, పై పొరను పెన్‌డ్రైవ్‌లోనే దాచుకుంటే సెట్టింగులూ ఫైళ్లూ మర్నాటికీ ఉంటాయి. 2020లో వచ్చిన వెంటాయ్ అనే పనిముట్టు ఇంకొక మెట్టెక్కించింది. ఒకే పెన్‌డ్రైవ్‌లోకి ఐదారు ఐఎస్ఓ ఫైళ్లు మామూలుగా కాపీ చేస్తే, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది.

ఇలా లైవ్‌గా నడిపి చూసే పరీక్షకు హద్దులూ ఉన్నాయి. వైఫై, సౌండ్, ప్రొజెక్టర్, మూత వేస్తే నిద్రపోయి తెరిస్తే లేవడం, ఇవన్నీ పది నిమిషాల్లో తేలిపోతాయి. తెలుగువాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: ఒక తెలుగు పేజీ తెరిచి ఒత్తులు సరిగ్గా పడుతున్నాయా, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు దొరుకుతోందా అని. 2000ల తొలి ఏళ్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడేవి. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగు డెస్క్‌టాప్ కోసం, చెన్నై సీ-డాక్ 2007లో తెచ్చిన బాస్ లినక్స్ భారతీయ భాషల కోసం పనిచేసింది ఆ దశాబ్దంలోనే. ఇప్పుడు పేరున్న డిస్ట్రోలన్నిటిలో తెలుగు చక్కగా కనిపిస్తుంది. టైపింగ్ పద్ధతి మాత్రం కొన్నింట్లో విడిగా వేసుకోవాలి.

లైవ్‌లో తేలనిది అప్‌డేట్ల సంగతి. ఆర్చ్ లాంటివి రోజూ మారుతుంటాయి. ఫెడోరా సుమారు ఆర్నెల్లకోసారి కొత్త కూర్పు తెస్తుంది. డెబియన్ స్టేబుల్ సుమారు రెండేళ్లకోసారి. ఉబుంటు దీర్ఘకాలిక కూర్పుకు ఐదేళ్ల ఉచిత మద్దతు ఉంటుంది. నా ఉద్దేశంలో డిస్ట్రో ఎంపికంటే ముఖ్యంగా ఇదే: ఎంత తరచుగా మార్పు భరించగలరు అన్నది. రంగులు, ఐకాన్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 భద్రతా చిప్ లేని పాత కంప్యూటర్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అలాంటిది మీ ఇంట్లో ఉంటే తుక్కు కింద వేసే ముందు మింట్, ఫెడోరా, డెబియన్‌ల లైవ్ కూర్పులు ఒక్కొక్కటీ కొన్నాళ్లు పెన్‌డ్రైవ్ నుంచి వాడి చూడండి. పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే వేరేచోట పెట్టుకోండి. ఒకటి కుదిరాక హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లు కూడా బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ తర్వాతే ‘ఇన్‌స్టాల్’ నొక్కండి.