తోస్తే తిరిగే ఇంజను

తెల్లవారుజామున దాబా ముందు నిలిచిన లారీ కదలక మొరాయిస్తే నలుగురు చేరి వెనుకనుండి తోయడం మన రహదారులపై చిరకాలంగా కనిపిస్తున్న దృశ్యం. ప్రయాణికులు దిగి బస్సును తోయడం మీద పుట్టిన ఛలోక్తులకు లెక్కలేదు. ఛలోక్తుల మాట అటుంచితే, పాత లారీకి పనికివచ్చిన ఈ ఉపాయం కొత్త లారీకి అన్నివేళలా ఎందుకు పనికిరాదో తెలుసుకోవడం అవసరం. తెలియక తోసినప్పుడు వృథా అయ్యేది శ్రమ ఒక్కటే కాదు.

ఏ ఇంజనూ తనంతట తాను తిరగడం మొదలుపెట్టలేదు. మొదటి కొన్ని చుట్లు బయటి శక్తి తిప్పవలసిందే. మోటారు వాహనాల తొలినాళ్లలో ఇనుప హ్యాండిల్ దూర్చి చేతితో తిప్పేవారు. అది ఒక్కొక్కసారి ఎదురు తిరిగి మణికట్టును విరగగొట్టేది. అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో అమరడంతో ఆ బాధ తగ్గుముఖం పట్టింది. మన డ్రైవర్లు 'సెల్ఫ్' అని పిలిచేది ఈ పరికరాన్నే. భారీ లారీలలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని కలిపి 24 వోల్టుల విద్యుత్తును దానికి అందిస్తారు. బరువైన డీజిల్ ఇంజనును తిప్పే ఆ కొద్ది క్షణాలలో సెల్ఫ్ వందల ఆంపియర్లను లాగుతుంది. అందుకే బ్యాటరీ నీరసించినప్పుడు ముందుగా మూగపోయేది అదే.

తోయడమంటే సెల్ఫ్ చేసే పనిని చక్రాల చేత చేయించడమే. డ్రైవరు తాళం తిప్పి, క్లచ్ తొక్కి, రెండవ గేరో మూడవ గేరో వేసి సిద్ధంగా ఉంటాడు. బండి వేగం పుంజుకోగానే క్లచ్‌ను వదులుతాడు. చక్రాల భ్రమణం గేరుపెట్టె ద్వారా ఇంజనుకు చేరుతుంది. మొదటి గేరు ఎందుకు వేయరాదన్న సందేహం కలుగవచ్చు. ఆ గేరులో చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి ఇంజను ఎన్నో చుట్లు తిరగాలి. ఆ ప్రతిఘటనకు చక్రాలు బిగిసి జారుతాయి, గేర్ల పళ్లపై దెబ్బ పడుతుంది. క్లచ్ పెడలు లేని ఆటోమేటెడ్ గేర్ల బండ్లకు ఈ పద్ధతి వర్తించదు. నిండు లోడుతో ఉన్న లారీని మనుషులు తోయలేరు. మరొక లారీ లాగాలి, లేదా నేల వాలుగా ఉండాలి. బ్యాటరీ మీద నమ్మకం లేని డ్రైవర్లు రాత్రిపూట వాలు చూసి బండి ఆపడంలోని రహస్యం ఇదే.

డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వతో పనిలేదు. సిలిండరులో గట్టిగా అదిమిన గాలి 500 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. పాత లారీలలో డీజిల్‌ను చిమ్మే పంపును ఇంజనే పళ్లచక్రాలతో నడిపేది. ఇంజనును ఆపడానికి కూడా చాలా బండ్లలో తీగకు అమర్చిన పిడిని లాగేవారు. కనుక బ్యాటరీ పూర్తిగా అడుగంటినా తోపు ఒక్కటి చాలేది.

కాలుష్య నియమాలు కఠినమయ్యేకొద్దీ ఈ స్థితి మారింది. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా అమలులోకి వచ్చిన బి.ఎస్.6 ప్రమాణాల లారీలలో డీజిల్ ఎప్పుడు, ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. దానికి విద్యుత్తు అందనిదే ఒక్క చుక్క ఇంధనమైనా సిలిండరులోకి దిగదు. బండి దొర్లితే ఆల్టర్నేటరు విద్యుత్తును పుట్టిస్తుంది కదా అనిపించవచ్చు. కాని దానిలో అయస్కాంతశక్తి మేల్కొనడానికి కూడా సాధారణంగా బ్యాటరీయే మొదట కొంత విద్యుత్తును ఇవ్వాలి. కాబట్టి నీరసించిన బ్యాటరీకి, అడుగంటిన బ్యాటరీకి భేదం గుర్తించాలి. సెల్ఫ్ తిరగకపోయినా డ్యాష్‌బోర్డు దీపాలు నిలకడగా వెలుగుతుంటే తోపు ఫలించవచ్చు. కంప్యూటరుకు కావలసింది కొద్దిపాటి విద్యుత్తే. దీపాలే వెలగకపోతే మైలు దూరం తోసినా ఫలితం శూన్యం.

అసలు ప్రమాదం బ్రేకులలో ఉన్నది. భారీ లారీల బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. ఆ గాలిని నింపే కంప్రెసరును ఇంజనే నడపాలి. రాత్రికి రాత్రి గాలి కారిపోతే స్ప్రింగు బ్రేకులు చక్రాలను పట్టి వదలవు. ఒక విధంగా అది మేలే. కొంత గాలి మిగిలినప్పుడే చిక్కు. వాలులో దొర్లుతున్న లారీ ఇంజను అందుకోకపోతే, బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ గాలి తరుగుతుంది. స్టీరింగు బిగుసుకుంటుంది. చివరకు స్ప్రింగు బ్రేకులు హఠాత్తుగా పట్టుకుంటే బండి అదుపు తప్పవచ్చు. మారేడుమిల్లి వంటి ఘాట్ రోడ్డులో ఇది ప్రాణాలతో చెలగాటమే.

ఇంతకంటే మరొక 24 వోల్టుల లారీ బ్యాటరీ నుండి జంపర్ తీగలతో సాయం పొందడం మేలు. ఎర్ర తీగ ధనధ్రువాలను కలపాలి. నల్ల తీగ చివరి కొనను చెడిన బ్యాటరీకి దూరంగా ఇంజను ఇనుముకు తగిలించాలి. లేనిచో అక్కడ లేచే రవ్వకు బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజన్ పేలగలదు. కొందరు పక్క బండి బ్యాటరీని తెచ్చి బిగించి, ఇంజను నడుస్తుండగానే విప్పి తిరిగి ఇచ్చివేస్తారు. పాత బండ్లలో ఇది చెల్లిపోయింది. కొత్త బండిలో అలా విప్పిన క్షణాన ఆల్టర్నేటరు వోల్టేజి ఒక్కసారిగా పైకెగసి కంప్యూటరును కాల్చివేయగలదు. ఆ తరువాత ఆ బండి తోసినా కదలదు, కొత్త బ్యాటరీ వేసినా కదలదు.