మైలుతుత్తం మొక్కకు ప్రాణముందా?

మైలుతుత్తం ఒక వంతు, చక్కెర రెండు వంతులు. రెండూ కలిపి ఆవగింజంత ఉండ చేసి, పొటాషియం ఫెర్రోసయనైడ్, ఉప్పు, కొద్దిగా జెలటిన్ కరిగించిన నీటిలో వేస్తే అది మొలకెత్తుతుంది. వాతావరణపు వేడిని బట్టి కొన్ని గంటలు పట్టవచ్చు, కొన్ని రోజులు పట్టవచ్చు. కాండం లేస్తుంది, కొమ్మలు వేస్తుంది, ఆకుల్లాంటివి విప్పుకుంటుంది. ఒక్కొక్కటి అడుగెత్తు దాకా పెరుగుతుంది. ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో వైద్య విద్యాలయ ఆచార్యుడు స్తెఫాన్ లెద్యూక్ (1853-1939) ఇలాంటి తోటల్ని గాజు పాత్రల్లో పెంచాడు.

ఇందులో మాయ ఏమీ లేదు. మైలుతుత్తం ఆ ద్రావణాన్ని తాకగానే ఉండ చుట్టూ గోధుమరంగు పొర ఏర్పడుతుంది. ఆ పొర నీటిని లోపలికి రానిస్తుంది గాని, లోపలి పదార్థాన్ని బయటికి పోనివ్వదు. ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బినట్టే ఉండ కూడా నీరు తాగి ఉబ్బుతుంది. బలహీనమైన చోట పొర చిట్లుతుంది. బయటికి చిమ్మిన ద్రవం చుట్టూ మళ్లీ కొత్త పొర. అలా చిట్లుతూ, కట్టుకుంటూ పైకి పెరుగుతుంది. దీన్నే ద్రవాభిసరణ అంటారు. మొక్కల వేర్లు నేలలోని నీటిని తీసుకోవడంలోనూ పనిచేసేది ఇదే.

లెద్యూక్ ఇక్కడితో ఆగలేదు. పొర ఉంది, పెరుగుదల ఉంది, బయటి నుంచి తీసుకోవడం ఉంది కనుక జీవం కూడా భౌతిక, రసాయన శక్తుల ఆటేనని వాదించాడు. 1912లో తెచ్చిన పుస్తకానికి 'సంశ్లేషక జీవశాస్త్రం' అని పేరు పెట్టాడు. ఆ ధైర్యానికి కారణం లేకపోలేదు. ప్రాణుల్లోని పదార్థాలు తయారు కావాలంటే ప్రత్యేక ప్రాణశక్తి ఉండాలని పూర్వం చాలామంది శాస్త్రజ్ఞులు నమ్మేవారు. 1828లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వోలర్ మూత్రంలో ఉండే యూరియాను ప్రయోగశాలలోనే తయారు చేసి చూపాక ఆ నమ్మకం సడలడం మొదలైంది. అంతకు వెయ్యేళ్ల క్రితమే, జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరుతో ప్రసిద్ధమైన అరబీ గ్రంథాల్లో ఖనిజాలనూ మొక్కలనూ జంతువులనూ కృత్రిమంగా పుట్టించే 'తక్వీన్' గురించిన చర్చ ఉంది. ఈ కుతూహలం పాతదే!

కాని పోలిక వేరు, ప్రాణం వేరు. లెద్యూక్ మొక్క విత్తనం పెట్టదు. తనలాంటి మరో మొక్కకు తన లక్షణాలను అందించదు. ఉండలోని సరుకు అయిపోగానే పెరుగుదల ఆగిపోతుంది. ఆకారాన్ని చూసి జీవమనుకోవడం దగ్గరే ఆయన పొరబడ్డాడు.

ఫ్రెంచి సైన్సు అకాడమీ చేసిన పని మాత్రం మాకు అంతకన్నా నచ్చలేదు. జీవం తనంతట తానే పుడుతుందన్న వాదాన్ని 1860 దశకంలో పాశ్చర్ ఖండించాడు. ఆ పాత తగాదా మళ్లీ లేస్తుందన్న జంకుతో 1907లో అకాడమీ లెద్యూక్ నివేదికలను తన పత్రికలో వేయడం మానేసింది. తప్పుంటే చూపాలి గాని తలుపు మూయడమేమిటి?

ఈ తలుపు మూసే అలవాటు మన ఇళ్లలోనూ ఉంది. ప్రాణానికి మూలం రసాయనాలని పాఠంలో చదువుకొచ్చిన పిల్లవాడు ఇంట్లో ప్రశ్న అడిగితే, అలాంటివి అడగకూడదని నోరు మూయిస్తాం. అల్లాహ్ సృష్టిని ఎలా ప్రారంభించాడో భూమిపై సంచరించి పరిశీలించమని సూరా అన్‌కబూత్ 20వ ఆయత్ ఆదేశిస్తుండగా మనం అడ్డు చెప్పడం ఏ న్యాయం? నీరు పొర దాటే నియమం తెలిసినంత మాత్రాన ఆ నియమాన్ని పెట్టినవాడు లేకుండా పోడు. ఇక సైన్సులో ఏ కొత్త సంగతి వచ్చినా అది ఖుర్ఆన్‌లో ముందే ఉందని చాటే తొందర కూడా మాకు సమ్మతం కాదు. సిద్ధాంతాలు మారుతుంటాయి. రేపు అది తప్పని తేలితే పిల్లవాడు దేన్ని అనుమానిస్తాడు?

లెద్యూక్ పెట్టిన పేరుతోనే ఇప్పుడు ఒక శాస్త్రం నడుస్తోంది. 2010లో అమెరికాలో క్రెయిగ్ వెంటర్ బృందం ఒక బాక్టీరియా జన్యు సంపుటి మొత్తాన్ని, సుమారు 10 లక్షల 80 వేల అక్షరాల మేర, రసాయనాలతో కూర్చింది. అది కణంలో పనిచేసింది, కణం విభజన చెందింది. పత్రికలు కృత్రిమ జీవమని రాశాయి. అయితే ఆ సంపుటిని ఉంచిన కణం మాత్రం అప్పటికే బతికి ఉన్న మరో బాక్టీరియా నుంచి తీసుకున్నదే.