మీకు తెలుసా? లేని దీవికి సెలవుల్లో ప్రయాణం
1977 ఏప్రిల్ 1న బ్రిటన్ పత్రిక ‘ది గార్డియన్’ ఏడు పేజీల ప్రత్యేక అనుబంధం అచ్చువేసింది. హిందూ మహాసముద్రంలోని శాన్ సెరిఫ్ అనే దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లయిందట! అక్కడి బీచ్‌లు, రాజకీయాలు, చరిత్ర అన్నీ గంభీరంగా వివరించారు. సెలవులకు అక్కడికి ఎలా వెళ్లాలో చెప్పమంటూ పాఠకులు పత్రిక ఆఫీసుకు ఫోన్లు చేశారు. నిజానికి అలాంటి దేశమే లేదు.

పేర్లన్నీ ప్రింటింగ్ ప్రెస్ నుంచి తెచ్చినవే. రాజధాని బొడోని ఒక ఫాంటు, పాలకుడు జనరల్ పైకా అక్షరాల కొలత. మ్యాపులో రెండు దీవులూ కలిసి సెమికోలన్‌లా కనిపిస్తాయి.

ముందు ఈ దీవుల్ని అట్లాంటిక్‌లో, టెనెరీఫ్ దగ్గర పెట్టాలనుకున్నారు. మార్చి 27న అక్కడి విమానాశ్రయంలో రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. దాంతో చివరి క్షణంలో చోటు మార్చేశారు. నవ్వించాలనుకున్నవాళ్లు అంత దుఃఖాన్ని గౌరవించడం మెచ్చుకోవలసిన సంగతి.

అన్నిటికన్నా గొప్ప ఊహ ఒకటుంది. పడమటి తీరం కోతకు గురై, ఆ ఇసుక తూర్పున మేటవేస్తూ ఉంటుంది కాబట్టి దేశం మొత్తం మెల్లగా శ్రీలంక వైపు జరుగుతోందని రాశారు! అనుబంధంలో ప్రకటన ఇచ్చిన కోడాక్ కంపెనీ కూడా ఆటలో చేరి, శాన్ సెరిఫ్ ఫొటోలుంటే పంపమని పాఠకుల్ని కోరింది.