ఒక్క విస్తరి వంట

ఒక్కరికి వండుకొనుట సులభమని పలువురు తలంతురు గాని, పదిమంది వంటలో లేని చిక్కులు అందే కలవు. ఉద్యోగమునకై ఏలూరిలో గది తీసికొన్న యువకుడును, పిల్లలు దూరదేశములకు వెడలిపోగా కైకలూరు చెంత పల్లెలో మిగిలిన వృద్ధురాలును, ఒక్క ప్రాణమునకు ఇంత హంగామా యేలనని పొట్లపు కూరతోనో పచ్చడి మెతుకులతోనో పూట గడుపుకొనుట నేడు సర్వసాధారణమైనది. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. ఏలయన, తనకై శ్రద్ధగా వండుకొనువాని యింటనే అనుకోని చుట్టమునకు కమ్మని భోజనము దొరకును.

అన్నమునకు బియ్యము అరసోలెడు చాలును. మారుటేరు వరి పరిశోధనా స్థానమున రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ మొదలుకొని ఎన్ని రకములు వచ్చినను, కొత్త బియ్యమునకు నీరు తగ్గించుట, పాత బియ్యమునకు పెంచుట అను సూత్రము మారలేదు. కొద్ది బియ్యమును వెడల్పాటి గిన్నెలో పెట్టినచో నీరు త్వరగా ఆవిరియై మెతుకు ఉడుకకమునుపే అడుగంటును గనుక, అడుగు మందమైన చిన్న గిన్నె యొకటి తప్పక యుండవలెను.

తాడేపల్లిగూడెపు ఉల్లి మార్కెట్టు ప్రసిద్ధము. కర్నూలునుండియు మహారాష్ట్రనుండియు లారీలలో వచ్చిన సరకు అచ్చట బస్తాలుగా చేతులు మారును. ఒంటరిగా వండుకొనువారు పెద్ద గడ్డలకు ఆశపడరాదు; సగము తరిగి విడిచినది మరునాటికి వాసన వేయును గావున, వలసినన్నియే ఒలుచుకొన వీలగు చిన్న పాయలను ఏరుకొనవలెను. అట్టివి నాలుగు తీసి, ఉసిరికాయంత చింతపండు పిసికిన రసములో పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, చిన్న బెల్లపుముక్క చేర్చి ఉడికించి, చెంచాడు బియ్యపుపిండి నీట కలిపి పోసి, మెంతులు, ఆవాలు, ఇంగువలతో పోపు పెట్టినచో ఒక పూటకు సరిపడు పులుసు సిద్ధమగును.

ఇక చేపల మాట. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏళ్ళ నీటిని కడుపున నిలుపుకొని ఉప్పుటేరు మార్గమున సముద్రమునకు పంపు కొల్లేరు 1999లో అభయారణ్యమైనది; 2006లో అందలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. అయినను నేటి బజారులో అధికముగా కనబడునవి చెరువులలో పెంచిన బొచ్చె, శీలావతులే. అవి రుచిలేనివని నేననను గాని, ఒక్కరి వంటకు కొర్రమీనుకు సాటి మరియొకటి లేదు. నీటి వెలుపలను గాలి పీల్చి చాలసేపు బ్రతుకగల జీవి యగుటచే, దానిని తొట్టెలో ప్రాణముతోనే యుంచి అమ్ముదురు. తాజాదనమునకు అంతకుమించిన సాక్ష్యమేమి కావలెను? పొలుసు తీసి, జిగురు వదలువరకు బూడిదతో రుద్ది, రాళ్ళుప్పుతో తోమి కడుగవలెను. మట్టి చట్టిలో ఉల్లిముద్దను నూనె పైకి తేలువరకు వేయించి, కారమును చింతపండు పులుసును చేర్చి, అది తెర్లిన పిమ్మటనే ముక్కలను విడువవలెను. అటుపై గరిటె ముట్టరాదు. గుడ్డతో అంచులు పట్టి చట్టిని మెల్లగా కుదిపిన చాలును. ముక్క చిదుకకుండ పులుసు అన్ని వైపులకు ప్రాకును. దింపుటకు ముందు మెంతి, జీలకర్ర, ధనియాల పొడి చల్లుదురు. రాత్రి వండిన యీ పులుసు ముక్కకు పట్టి మరునాడే రుచికి వచ్చును గనుక, ఒక్కరికి అది రెండు పూటల భాగ్యము. వేసవిలో మాత్రము చల్లారగనే ఫ్రిజ్‌లో పెట్టవలెను.

అతిథి సత్కారమనగా గోదావరి సీమలో లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారు (1841–1909) తలపునకు వత్తురు. వేళగాని వేళ వచ్చినవారికిని వండి వడ్డించిన ఆ తల్లిని తలచుకొని, అంత మనవలన కాదని వెనుదీయువారు కలరు. వెనుదీయనక్కరలేదు. సీసాలో కందిపొడి, జాడీలో ఆవకాయ, తోడుపెట్టిన పెరుగు ఉన్న యింట వంట సగము అయినట్లే. ఆ పూటకు చేసిన ఉల్లిపులుసునకే ఆనపకాయ ముక్కలు, ములక్కాడలు, మరికొంత చింతపండు చేర్చినచో దప్పళమగును. పెసరపప్పు గుప్పెడు ఉడికించి నేయి వేసినచో ముద్దపప్పు దానికి జతపడును. మాంసాహారులకు నిన్నటి చేపల పులుసు ఉండనే యున్నది. ఇక వండవలసినది అన్నమొక్కటే; అతిథి కాళ్ళు కడుగుకొనులోపలనే ఎసరు పెట్టవలెను, అరసోలకు బదులు ఆ పూట సోలెడు కొలచి.