బొమ్మల పుస్తకమే కదా అని తీసిపారేయకండి!

పరీక్షలు దగ్గర పడుతుంటే పిల్లలు బొమ్మలు వేసుకుంటూ కూర్చుంటే మీకు ఒళ్ళు మండదూ? నాకైతే మండింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కల నోటుబుక్కు వెనక పేజీలన్నీ బొమ్మలే. ఓ సాయంత్రం ఆ పేజీలు చింపి చెత్తబుట్టలో పడేశాను. అది ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే. ఆ మౌనం మాత్రం భరించలేకపోయాను.

ఆ వారంలోనే మా ఆడపడుచు కొడుకు బెంగళూరు నుంచి వస్తూ దానికో పుస్తకం తెచ్చాడు. పేరు ‘విన్సెంట్’. బార్బరా స్టోక్ అనే డచ్ చిత్రకారిణి 2012లో తెచ్చింది, ఇంగ్లీషులో 2014లో వచ్చింది. వాన్ గో అనే గొప్ప చిత్రకారుడి చివరి రెండేళ్ళ జీవితం, మొదటి నుంచి చివరి దాకా గళ్ళు గళ్ళుగా బొమ్మల్లోనే చెప్పింది. వీటిని గ్రాఫిక్ నవలలంటారు. మన చిన్నప్పుడు అమర్ చిత్ర కథలు చదివాం చూడండి, ఆ జాతే. కాకపోతే ఇవి లావుపాటివి, ఖరీదు కూడా ఎక్కువే. పికాసో మీద, రెంబ్రాంట్ మీద, ఫ్రీదా కాలో మీద కూడా ఇలాంటివి వచ్చాయి.

ఇంటర్‌తో చదువాగిపోయిన నాకు ఇంగ్లీషు పుస్తకమంటే గుబులు. కానీ ఇందులో మాటలు తక్కువ. రాత్రి గిన్నెలు సర్దేశాక, అది నిద్రపోయాక, దొంగలా తెరిచాను. రెండు రాత్రుల్లో పూర్తయింది!

అసలు నన్ను పట్టేసింది బొమ్మల గొప్పతనం కాదండీ, డబ్బు గొడవ. విన్సెంట్ 1888 ఫిబ్రవరిలో ఫ్రాన్సు దక్షిణాన ఆర్ల్ అనే ఊరికి వెళ్ళాడు. అతణ్ణి పోషించింది తమ్ముడు థియో. అన్నగారు వచ్చిన డబ్బు రంగులకీ, గుడ్డకీ పెట్టేసి తిండి మానేసేవాడు. నాలుగు రోజులు ఇంచుమించు కాఫీ, రొట్టెలతోనే గడిపానని ఆ ఏడాది తమ్ముడికి ఉత్తరం రాశాడు. నెలాఖరు బాధ మనకు ఒకరు చెప్పాలా? ఇలాంటి అన్నగారు మన ఇంట్లో ఉంటే మనం ఏమని ఉండేవాళ్ళమో ఆలోచిస్తే నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

ఇక భయం సంగతి. ఆ ఏడాది డిసెంబరులో అతను చెవి కోసుకున్నాడు. 1890 జులైలో తుపాకీతో కాల్చుకుని, రెండు రోజులకు, ముప్ఫై ఏడేళ్ళకే పోయాడు. ఇది పిల్లకు చదవనివ్వడమా? దాచేద్దామనుకున్నాను. మళ్ళీ ఆలోచించి, పక్కన కూర్చుని తనతో పాటు చదివాను. “ఆయన్ని ఎవరూ డాక్టరుకి చూపించలేదా అమ్మా?” అని అడిగింది. చూపించారు. అతనే ఇష్టపడి 1889 మేలో సాన్ రెమీలోని మానసిక చికిత్సాలయంలో చేరాడు. అక్కడున్న ఏడాదిలో నూట యాభై దాకా బొమ్మలు వేశాడు, ప్రసిద్ధమైన ‘నక్షత్రాల రాత్రి’ అక్కడిదే. మనసుకు జబ్బు చేస్తే దాచుకోకూడదని నేను ఉపన్యాసం ఇస్తే ఎంత వినేదో తెలీదు. ఆ పుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నాం. మీరు కూడా ముందు మీరు చదివి, తర్వాతే పిల్లలకివ్వండి. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి వద్దని నా అభిప్రాయం.

పుస్తకం విన్సెంట్‌తోనే ముగుస్తుంది. ఆ తర్వాతి కథ ఒక ఇల్లాలిది, అది కూడా చెప్పాలి. అన్న పోయిన ఆరు నెలలకే థియో పోయాడు. భార్య యోహానాకి ఇరవై ఎనిమిదేళ్ళు, చంకలో ఏడాది నిండని కొడుకు, ఇంటి నిండా ఎవరూ కొనని బొమ్మలు! ఆవిడ హాలండులోని బుస్సుం అనే ఊళ్ళో ఇల్లు తీసుకుని, డబ్బు తీసుకుని భోజనం, వసతి ఇస్తూ సంసారం ఈడ్చింది. ఆ బొమ్మల్ని ఊరూరా ప్రదర్శనలకు పంపింది. మరిది... కాదు కాదు, బావగారు రాసిన ఉత్తరాలన్నీ సరిచూసి 1914లో అచ్చు వేయించింది. ఆవిడ అటక మీద పడేసి ఉంటే ఈవేళ వాన్ గో ఎవరో మనకు తెలిసేదా? ఆ పేరు చదివినప్పుడల్లా నా చెత్తబుట్టే గుర్తొచ్చింది.

మన దేశంలోదీ ఒకటుంది. చెన్నై తారా బుక్స్ వాళ్ళు 2010లో వేసిన ‘ఫాలోయింగ్ మై పెయింట్ బ్రష్’. బీహారు మధుబనిలో చేపలు పట్టే కులంలో పుట్టి, బడి మొహం చూడకుండా, ఇళ్ళల్లో పాచిపని చేసుకున్న దులారీ దేవి కథ. పనిచేసే ఇంట్లోనే బొమ్మలు నేర్చుకుంది. తన కథకి బొమ్మలు తనే వేసుకుంది. ఇది చిన్నపిల్లలకీ ఇవ్వొచ్చు. ఆవిడకి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో బడ్జెట్ రోజున నిర్మలా సీతారామన్ కట్టుకున్న చీర ఆవిడ ఇచ్చిందే!

కొత్తవి కొనలేకపోతే లైబ్రరీలో అడగండి. హైదరాబాదు వాళ్ళయితే ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు వెతకండి. నలుగురిళ్ళ పిల్లలు తలా ఒకటి కొని మార్చుకున్నా సరిపోతుంది.

మా అమ్మాయికి వేరే డ్రాయింగు పుస్తకం కొనిచ్చాను. మొన్న నేను చేటలో బియ్యం చెరుగుతున్న బొమ్మ వేసింది. ముక్కు కొంచెం పెద్దదైంది కానీ చెయ్యి నాదే. లెక్కల్లో ఈసారి అరవై రెండు. వాళ్ళ నాన్నగారికి ముందు ఏది చూపించాలా అని ఇద్దరం ఆలోచిస్తున్నాం.