పాటకు కుట్టిన చొక్కా

అండమాన్‌లోని మా ఆస్టినాబాద్‌లో వానలు పట్టుకున్నాయంటే దండెం మీద తువ్వాలు రెండు రోజులకీ ఆరదు. అలాంటి ఒక మధ్యాహ్నం మనవరాలు మంచం కింది రేకుపెట్టె లాగి, అందులోంచి ఒక గుడ్డసంచి తీసింది. విశాఖ నుంచి ఓడలో మాతోపాటు వచ్చిన సంచి. లోపల ఘంటసాల పాడిన భగవద్గీత ఎల్పీ రికార్డు. కంపెనీవాళ్లిచ్చిన అట్ట ఈ చెమ్మకి ఎప్పుడో చీకిపోయింది. మా అమ్మ తన పాత పొందూరు చీర చెంగుతో కుట్టిన సంచి మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. ఒక పక్క కుట్టు కాస్త వంకరపోయింది. దీపం వెలుగులో కుట్టిందేమో మరి.

“పాట ఫోన్లోనే ఉంది కదా తాతా, దీనికింత ముస్తాబెందుకు?” అంది మనవరాలు. అంటూనే ఆ వంకర కుట్టు వెంట వేలు నడిపిస్తోంది. సంచి కింద పెట్టనే లేదు. అడిగిన ప్రశ్నకి సగం జవాబు ఆ వేలికొసలోనే ఉందర్రా!

మన వేలికొస సంగతి మనకే సరిగ్గా తెలియదు. 2013లో స్వీడన్ పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. చూడ్డానికి ఒకేలా ఉండే నున్నటి పలకల మీద, కంటికి ఆనని సన్నటి ముడతలు పుట్టించి, మనుషుల చేత తడిమించారు. 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతను కూడా వేళ్లు పట్టేశాయి. తలవెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు ఉంటుంది. ఇక లెక్క మీరే వేసుకోండి. అంత తెలివైన వేలికి రోజంతా ఫోను అద్దం తప్ప ఇంకేమీ తగలకపోతే, పాట చెవి దాకా వచ్చి ఆగిపోతుంది. చేతిదాకా రాదు.

ఈ సంగతి బాగా గ్రహించింది డబ్బుల్లేని పాటగాళ్లు. 1980లో అమెరికాలోని వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బృందం విడిపోతూ, కచేరీల మీద కూడబెట్టిన డబ్బుతో ఒక చిన్న రికార్డు వేద్దామనుకుంది. డిస్కార్డ్ అనే కంపెనీ అలాగే పుట్టింది. అట్టలు చేయించే స్తోమత లేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక రికార్డు అట్టని జిగురు ఊడదీసి పరిచి, దాని కొలతనే నమూనాగా పెట్టుకున్నారు. అచ్చు వేయించిన కాగితాలు ఇంటికి తెచ్చుకుని, స్నేహితులంతా చుట్టూ కూర్చుని కత్తిరించి, మడిచి, అంటించారు. వెయ్యి రికార్డులకి వెయ్యి అట్టలు. మన ఇళ్లల్లో పెళ్లి శుభలేఖలకి పసుపు రాసినట్టే అనుకోండి. ఒకరు మడతపెట్టేవాళ్లు, ఒకరు జిగురు పూసేవాళ్లు.

అంతకన్నా నాకు ముచ్చటేసేది కెనడాలోని మాంట్రియల్ కథ. గాడ్‌స్పీడ్ యూ బ్లాక్ ఎంపరర్ అనే బృందం 1997లో తొలి ఎల్పీ తెచ్చింది. మొదటి విడత వేసినవి 500. అట్టలో ఒక కవరు, ఆ కవర్లో రైలు చక్రం కింద నలిగిన నాణెం!

“రైలు కింద పెడితే ఏమవుతుంది?” అంది మనవరాలు కళ్లు పెద్దవి చేసి. అండమాన్‌లో రైలు లేదు కదా, ఆ పిల్లకి పట్టాల ముచ్చట తెలియదు. మా చిన్నప్పుడు ఆమదాలవలసలో మేం చేసిన తప్పే అది. ప్రాణం మీదకి వచ్చే పని, ఎవరూ చేయకండి. కానీ అందులో సైన్సు ఉంది. లోహంలో పరమాణువులు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. బరువు పడితే గాజులా పగిలిపోకుండా ఆ పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. జారి, పరుచుకుని, రేకులా అవుతాయి. నాణెం ఏ మూల ఉంది, ఎంత బరువు పడింది, ఎటు జరిగింది అన్నదాన్నిబట్టి ఒక్కోటి ఒక్కో తీరుగా నలుగుతుంది. 500 నాణేలు, 500 ఆకారాలు. పాట అందరిదీ, నాణెం మాత్రం నీ ఒక్కదానిదే.

కాగితంలోనూ ఇలాంటి కథే ఉంది. ఇంట్లో దినపత్రిక తీసుకుని పైనుంచి కిందికి చింపి చూడండి. తిన్నగా వస్తుంది. అడ్డంగా చింపితే వంకరటింకరగా పోతుంది. మిల్లులో గుజ్జు, పరిగెత్తే జల్లెడ మీద పడి పారుతుంది కనుక నారలన్నీ పరుగు దిక్కుకే ఒరుగుతాయి. చెమ్మ తగిలితే నార పొడవు పెద్దగా పెరగదు, లావు ఉబ్బుతుంది. అందుకే మిల్లు అట్ట వానాకాలంలో ఒక పక్కకే దోనెలా వంగుతుంది. చేత్తో కాగితం చేసేవాళ్లు జల్లెడని గుజ్జులో ముంచి లేపి అటూ ఇటూ ఊపుతారు. నారలు అన్ని దిక్కులకీ పడి పెనవేసుకుంటాయి. ఆ కాగితం ఉబ్బినా అన్ని వైపులా సమంగా ఉబ్బుతుంది. పైగా నూలు పీలికలతో చేసినదైతే అంత తొందరగా పచ్చబడదు. దినపత్రికని పచ్చబరిచేది కొయ్యగుజ్జులోని లిగ్నిన్. పత్తిలో అది ఉండదు. మా అమ్మకి ఈ పేర్లేవీ తెలియవు. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికి, చేత్తో నేసిన పొందూరు గుడ్డ నమ్మదగ్గదని మాత్రం తెలుసు.

చేత్తో చేసినదంటే మనసెందుకు లాగుతుంది అన్నదాన్నీ శాస్త్రవేత్తలు వదల్లేదు. 2015లో ముగ్గురు పరిశోధకులు పరీక్షించి చూశారు. వస్తువు అదే అయినా, చేత్తో చేసిందంటే జనానికి దాంట్లో చేసినవాళ్ల ప్రేమ కూడా కలిసిందనిపిస్తుందట. అందుకే మనకి ఇష్టమైన మనిషికి ఇచ్చేటప్పుడు అలాంటిదే వెతుకుతామట. నేను ఇంకొకటి కలుపుతాను. అది ఊరికే అనిపించడం కాదు. వంకర కుట్టు అంటే ఒక మనిషి కొంతసేపు నీకోసం కూర్చుందనడానికి సాక్ష్యం. ఆ కాసేపూ ఆ మనిషి ఇంకే పనీ చేయలేదు.

అంతరిక్షంలోకి పంపిన రికార్డుకే తప్పలేదు ఈ చేతిపని. 1977లో వాయేజర్ నౌకలు రెండింటిలో బంగారు పూత పూసిన రాగి రికార్డులు పంపారు. 55 భాషల పలకరింపుల్లో మన తెలుగూ ఉంది. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాటా ఉంది. దాని అట్ట అల్యూమినియంది. ఎలా వాయించాలో బొమ్మలు చెక్కారు. అట్ట మీదే కాసింత యురేనియం 238 పూత వేశారు. అది సగమవడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది కనుక, దొరికినవాళ్లు మిగిలిందెంతో కొలిచి రికార్డు వయసు చెప్పేయొచ్చు. ఇంత లెక్క కట్టినవాళ్లలో ఒకరు, టిమొతీ ఫెరిస్, రికార్డు మీది గాడులు ముగిసే ఖాళీలో తన చేత్తో నాలుగు మాటలు చెక్కారు, అన్ని లోకాల పాటగాళ్లకూ అంకితమని. తనిఖీవాళ్లు కొలతల పత్రంలో ఈ రాత లేదని ముందు వద్దన్నారు. ఆ రికార్డు బృందానికి పెద్ద కార్ల్ సేగన్ నచ్చజెప్పాక ఒప్పుకున్నారు.

ఈ ఊళ్లోనూ పాటలు కట్టే పిల్లలున్నారు. రేపు రికార్డో సీడీయో వేసుకుంటే, వాళ్లకి నా మాట. అట్ట మీరే చేయండి. మిల్లు అట్టయితే ముందు రెండు వైపులా మెల్లగా వంచి చూసి, సులువుగా వంగే వైపే మడత పెట్టండి, పగలదు. మైదా జిగురంటే బూజుకి విందుభోజనం. పాత బైండింగువాళ్లు అందులో కాస్త మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పెద్దవాళ్ల చేతే కలిపించండి. రికార్డుకి తగిలే లోపలి కవరు మెత్తటి పీవీసీది వద్దు. దాన్ని మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం రికార్డు మీదకి దిగి మసక పట్టిస్తుంది. పాలిథీన్ మేలు. రికార్డుల్ని దొంతర పెట్టకుండా, పుస్తకాల్లా నిలబెట్టండి.

మనవరాలు సంచి తిరగేసి, “దీనిమీద ముత్తవ్వ పేరు లేదేం?” అంది. నిజమే, లేదు. ఆ సాయంత్రం ఒక కాగితం ముక్క మీద ఆమె పేరు రాసి సంచిలో పెట్టాం. మీరు అట్ట చేసినప్పుడు మీ పేరూ తేదీ లోపలివైపు పెన్సిలుతో రాయండి. సిరా చెమ్మకి పాకిపోతుంది, పెన్సిలు గీత నీళ్లలో కరగదు.